ఫీల్ పాఠాలు – 6: సొంత ఫంక్షన్ రాయడం, పిలవడం

ఫీల్ అంటే డీఎమ్ఎన్‌లో (వ్యాపార నిర్ణయాలను డయాగ్రమ్‌లుగా, పట్టికలుగా రాసే ప్రమాణం) లెక్కలు, షరతులు రాసే భాష. పోయిన పాఠం చివర తేజ, 334 అనే మిర్చి రకాలు, తాలు (రంగు పోయిన నాసి కాయ) అని మూడు లాట్లకు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కట్టమన్నాను. కాంటెక్స్ట్ (పేరు, దాని విలువ జంటగా ఉండే ఎంట్రీల వరస) ఒక్కటే వాడాలి, సూత్రం మూడుసార్లూ రాయాలి అని షరతు పెట్టాను. వచ్చిన జవాబుల్లో సూత్రం తప్పు రాసినవాళ్లు దాదాపు లేరు. అయినా ఎక్కువమందికి చివర జమ (ఖర్చులు పోను రైతుకు చేరే మొత్తం) దగ్గర నల్, అంటే విలువ లేదు అనే జవాబు, వచ్చింది. అది ఎక్కడ పుట్టిందో తేల్చుకోకుండా ఫంక్షన్లలోకి దిగితే, ఈసారి అదే నల్ ఫంక్షన్ లోపల కూర్చుంటుంది. బయట ఉన్నప్పుడే దొరకనిది లోపలికి పోతే అసలే దొరకదు. కాబట్టి ముందు ఆ పని చూద్దాం.

రాతపద్ధతి ఎప్పటిదే. ఫంక్షన్, ఇఫ్, దెన్, ఎల్స్, ఫర్, ఇన్, రిటర్న్, నల్, ఇన్‌స్టాన్స్ ఆఫ్, నంబర్, డేట్, సమ్ లాంటి మాటలు పాఠంలో తెలుగు లిపిలో ఉంటాయి. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. మనం పెట్టుకునే పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచొచ్చు. డీఎమ్ఎన్ ప్రమాణంలోని వ్యాకరణం తెలుగు అక్షరాలను పేర్లలో ఒప్పుకుంటుంది. మీ టూల్ ఒప్పుకుంటుందో లేదో ఒక చిన్న పేరుతో ముందే పరీక్షించుకోండి.

లెక్కల్లో వాడే ధరలు, కమీషన్, హమాలీ, కోత అన్నీ పాఠం కోసం అనుకున్నవి. గుంటూరు మిర్చి యార్డులో ఇవాళ నడుస్తున్న రేట్లు కావు.

నల్ వచ్చినవాళ్లలో సగానికి పైగా వరసలో దెబ్బతిన్నారు. జమ అనే ఎంట్రీని పైన రాసి, అది వాడే విలువ, కమీషన్, హమాలీలను కింద రాశారు. కాంటెక్స్ట్‌లో ఒక ఎంట్రీకి తనకంటే పైన ఉన్నవే కనిపిస్తాయి, కింద ఉన్నవి దాని దృష్టిలో లేనట్టే. ఎక్సెల్‌లో ఏ గడి ఎక్కడున్నా ఫరవాలేదు కాబట్టి ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. ఇక్కడ మొత్తం కింద ఉండాలి, దాని భాగాలు పైన ఉండాలి. ఫంక్షన్‌కీ ఇదే నియమం: ముందు నిర్వచనం, ఆ కిందే పిలుపు.

రెండోది కామా. తూకం 2,150 అని రాశారు. ఫీల్‌లో అంకె మధ్య కామాకు చోటు లేదు, 2150 అనే రాయాలి. కాంటెక్స్ట్‌లో అలా రాస్తే ఎడిటర్ వెంటనే ఎర్రగీత గీస్తుంది, తెలిసిపోతుంది. జాబితాలోనైతే గీత కూడా రాదు: [2,150] అంటే దానికి 2, 150 అనే రెండు అంకెలు. ఫంక్షన్ పిలుపులోనూ అంతే. (2,150, 14,000) అని రాస్తే మీ దృష్టిలో రెండు విలువలు, ఫీల్ దృష్టిలో 2, 150, 14, 000 అని నాలుగు. రెండు పారామీటర్ల (బయటి నుంచి విలువ అందుకునే పేర్ల) ఫంక్షన్‌కి నాలుగు విలువలు పంపితే జవాబు నల్. పట్టీ పుస్తకం చూసి అంకెలు ఎక్కించేవాళ్లు 3,01,000 అని రాయడానికి అలవాటుపడిన చేతులతో ఈ తప్పు మళ్లీ మళ్లీ చేస్తారు.

మూడోది కంటికి కనిపించదు. క్వింటాల్ ధర అని పేరు పెట్టినవాళ్లలో కొందరికి పేరు ఒకేలా ఉన్నా నల్ వచ్చింది. పొల్లుతో ముగిసే అక్షరం తరవాత కొన్ని కీబోర్డులు కనిపించని ఒక విడదీత గుర్తును పెడతాయి. ఒకచోట ఆ గుర్తు ఉండి ఇంకోచోట లేకపోతే ఫీల్‌కి అవి రెండు వేరే పేర్లు. దీన్ని వెతికి పట్టుకోవడం కంటే తప్పించుకోవడం తేలిక. నేను పొల్లుతో ముగిసే పేర్లు వీలైనంత వరకు పెట్టను. ధర, తూకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), శాతం, జమ చాలు. కమీషన్ లాంటి మాట తప్పనప్పుడు ఒక్కసారి టైప్ చేసి, మిగతా చోట్ల కాపీ చేసుకోండి. పేరులో ఖాళీ వదలడం ఫీల్‌లో చెల్లుతుంది కానీ ఈ పాఠాల్లో అండర్‌స్కోరే వాడతాను. పేరులో మైనస్ గుర్తు కూడా చెల్లుతుంది కాబట్టి, తీసివేత రాసేటప్పుడు గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలండి. లేకపోతే విలువ-కమీషన్ అన్నది ఒకే పేరుగా చదివే ప్రమాదం ఉంది.

ఇక ఫంక్షన్.

{
  విలువ_లెక్క: ఫంక్షన్(తూకం, ధర) తూకం / 100 * ధర,
  తేజ: విలువ_లెక్క(2150, 14000),
  తాలు: విలువ_లెక్క(430, 7000)
}

తేజకు 301000, తాలుకు 30100 వస్తాయి. తూకం కిలోల్లో, ధర క్వింటాల్‌కి, అందుకే 100తో భాగించాం.

ఇందులో గమనించాల్సినవి కొన్నే. ఫంక్షన్ అనే మాట తరవాత పేరు రాదు, నేరుగా బ్రాకెట్. పేరు ఇచ్చేది కాంటెక్స్ట్ ఎంట్రీ: కోలన్‌కి ఎడమ పక్కన ఉన్నదే పేరు. బ్రాకెట్ తరవాత ఒకే ఒక్క ఎక్స్‌ప్రెషన్ ఉంటుంది, అదే ఫంక్షన్ బాడీ, దాని విలువే జవాబు. జావా, పైథాన్ తెలిసినవాళ్లు ఇక్కడ రిటర్న్ రాయబోతారు. ఫీల్‌లో రిటర్న్ అనే మాట ఫర్ ఎక్స్‌ప్రెషన్‌దే, ఫంక్షన్‌లో దానికి పని లేదు. సమానం గుర్తుతో విలువ పెట్టడమూ లేదు. సమానం అంటే పోల్చడం ఒక్కటే, అదీ ఒక్క గుర్తుతోనే.

ఫంక్షన్ పేర్ల చివర _లెక్క అని తగిలించడం నా పద్ధతి. లోపల విలువ అనే ఎంట్రీ, బయట విలువ అనే ఫంక్షన్ ఉంటే దగ్గర్లో ఉన్న పేరు దూరంగా ఉన్నదాన్ని కప్పేస్తుంది. తోకతో ఆ గొడవ ఉండదు.

బాడీలో ఒకే ఎక్స్‌ప్రెషన్ అంటే అంచెలుగా లెక్క కట్టలేమని కాదు. కాంటెక్స్ట్ కూడా ఒక ఎక్స్‌ప్రెషనే కదా, బాడీగా దాన్నే పెట్టేయొచ్చు.

పట్టీ_లెక్క: ఫంక్షన్(టిక్కీలు, తూకం, ధర) {
  విలువ: తూకం / 100 * ధర,
  కమీషన్: విలువ * 0.02,
  హమాలీ: టిక్కీలు * 20,
  జమ: విలువ - కమీషన్ - హమాలీ
}

పిలిస్తే నాలుగు ఎంట్రీలున్న కాంటెక్స్ట్ వస్తుంది. జమ ఒక్కటే కావాలంటే పిలుపు చివర చుక్క పెట్టి జమ అని రాయండి: పట్టీ_లెక్క(50, 2150, 14000).జమ. విలువ 301000, కమీషన్ 6020, హమాలీ 1000, జమ 293980. మధ్య అంచెలన్నీ చేతిలో ఉండటం ఎంత మేలో తప్పు వెతికే రోజున తెలుస్తుంది. అన్నీ ఒకే వరసలో కుక్కి రాసిన సూత్రంలో నల్ వస్తే ఎక్కడ పుట్టిందో చెప్పేవాళ్లుండరు.

పిలవడంలో రెండు పద్ధతులున్నాయి. పైన చూసింది వరస ప్రకారం పిలవడం. రెండోది పేర్లతో:

పట్టీ_లెక్క(ధర: 14000, టిక్కీలు: 50, తూకం: 2150).జమ

పేర్లతో పిలిస్తే వరస ఎలా ఉన్నా ఒకటే. కొన్ని పేర్లతో, కొన్ని వరసతో కలిపి పిలవడం కుదరదు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా జవాబు నల్. అలా నల్ రావడమే మంచిది. వరస పిలుపులో జరిగే తప్పుకు నల్ కూడా రాదు.

ఎలాగో చూడండి. విలువ_లెక్కకు తూకం, ధర తారుమారు చేసి (14000, 2150) పంపినా 301000 వస్తుంది. గుణకారం, భాగహారం కాబట్టి తేడా బయటపడదు. "పరీక్షించాను, సరిగ్గానే ఉంది" అనుకుంటారు. అదే చేత్తో పట్టీ_లెక్కలో టిక్కీలు, తూకం తారుమారైతే, అంటే (2150, 50, 14000) అని పంపితే, విలువ 7000, కమీషన్ 140, హమాలీ 43000, జమ మైనస్ 36140. ఇది మైనస్ వచ్చింది కాబట్టి పట్టుబడింది. మైనస్ రాకుండా తప్పుగా వచ్చే అంకెలే ప్రమాదం. రెండు, అంతకంటే ఎక్కువ పారామీటర్లు ఒకే రకానివైతే పేర్లతోనే పిలవండి. నాలుగు అక్షరాలు ఎక్కువ టైప్ చేయడం తప్ప నష్టమేమీ లేదు. పాఠంలో చోటు కోసం నేను అక్కడక్కడా వరసతో పిలుస్తాను, మీ మోడల్‌లో మాత్రం వద్దు.

ఇక ఈ పాఠంలో అన్నింటికంటే ముఖ్యమైన చోటు. పోయిన పాఠం జవాబుల్లో నల్ వచ్చినవాళ్ల గురించి నాకు బెంగ లేదు, వాళ్లకు తప్పు కనిపించింది. నల్ రావాల్సిన చోట చక్కటి అంకె వచ్చినవాళ్ల గురించే బెంగ.

నియమం ఇది: లాటులో తాలు 5 శాతం దాటితే విలువలో పదోవంతు కోత. చాలామంది ఇలా రాస్తారు:

కోత_లెక్క: ఫంక్షన్(శాతం) ఇఫ్ శాతం > 5 దెన్ 0.1 ఎల్స్ 0

ఇంకొందరు ఇలా:

కోత_లెక్క: ఫంక్షన్(శాతం) ఇఫ్ శాతం <= 5 దెన్ 0 ఎల్స్ 0.1

చదివితే రెండూ ఒకటే. 8 ఇస్తే రెండింట్లోనూ 0.1, 3 ఇస్తే రెండింట్లోనూ 0. ఇప్పుడు గుమస్తా తాలు శాతం గడి నింపకుండా వదిలేశాడనుకోండి. శాతం నల్. మొదటి ఫంక్షన్ 0 ఇస్తుంది, రెండోది 0.1 ఇస్తుంది. తేజ లాటు విలువ 301000 మీద ఆ తేడా 30100 రూపాయలు. మొదటి రకం రాస్తే కొన్నవాడికి నష్టం, రెండో రకం రాస్తే రైతుకు నష్టం. ఎవరి నష్టమన్నది గుర్తును ఏ దిక్కుకు తిప్పి రాశామన్నదాన్ని బట్టి తేలింది. అలా తేలకూడదు.

ఎందుకిలా? ఫీల్‌లో నల్‌ని అంకెతో పోలిస్తే నిజం రాదు, అబద్ధమూ రాదు, నల్ వస్తుంది. ఇఫ్ చూసేది ఒక్కటే: షరతు నిజమా? నిజమైతే దెన్. నిజం కాకపోతే, అది అబద్ధం కానివ్వండి, నల్ కానివ్వండి, ఎల్స్. అంటే ఎల్స్ కొమ్మలోకి రెండు రకాల లాట్లు వచ్చి పడతాయి: షరతు తప్పినవి, షరతు చూడటానికే వీలులేనివి. రాసేవాడి మనసులో మొదటి రకమే ఉంటుంది.

నాట్ పెట్టి తిప్పితే తీరుతుందా? తీరదు. నాట్ ఆఫ్ నల్ కూడా నల్లే, మళ్లీ ఎల్స్‌కే పోతుంది.

ఎల్స్ తీసేస్తే? ఫీల్‌లో ఇఫ్‌కి ఎల్స్ తప్పనిసరి, లేకపోతే వ్యాకరణ దోషం.

ముందు నల్ ఉందేమో చూసి ఆపేస్తే?

ఇఫ్ శాతం = నల్ దెన్ నల్ ఎల్స్ ఇఫ్ శాతం > 5 దెన్ 0.1 ఎల్స్ 0

ఇది సగం మందు. ఖాళీ గడి పట్టుబడుతుంది. కానీ ఫారం నుంచి 8 అనే అంకె బదులు "8" అని కోట్స్‌లో అక్షరాలుగా వస్తే? అది నల్ కాదు కాబట్టి మొదటి పరీక్ష దాటిపోతుంది. అక్షరాలను అంకెతో పోలిస్తే మళ్లీ నల్, మళ్లీ ఎల్స్, మళ్లీ సున్నా కోత. తాలు 8 శాతం ఉన్న లాటు మేలురకంగా వెళ్లిపోయింది. వెబ్ ఫారాల నుంచి, ఎక్సెల్ నుంచి వచ్చే డేటాలో ఇది రోజూ జరిగేదే.

నేను వాడేది ఇది:

కోత_లెక్క: ఫంక్షన్(శాతం)
  ఇఫ్ శాతం ఇన్‌స్టాన్స్ ఆఫ్ నంబర్
  దెన్ (ఇఫ్ శాతం > 5 దెన్ 0.1 ఎల్స్ 0)
  ఎల్స్ నల్

ఇన్‌స్టాన్స్ ఆఫ్ నంబర్, అంటే ఇది అంకేనా అనే ప్రశ్నకు నల్ ఇచ్చినా, అక్షరాలు ఇచ్చినా అబద్ధం అనే ఖరారైన జవాబు వస్తుంది. ఖాళీ గడి, తప్పు రకం రెండూ ఒకే గుమ్మం దగ్గర ఆగిపోతాయి. లోపలి ఇఫ్‌కి అంకె తప్ప ఇంకేదీ చేరదు, కాబట్టి దాని ఎల్స్‌కి ఒకే అర్థం మిగులుతుంది. లోపలి ఇఫ్ చుట్టూ బ్రాకెట్లు తప్పకుండా పెట్టండి. లేకపోతే ఏ ఎల్స్ ఏ ఇఫ్‌దో చదివేవాళ్లు తేల్చుకోలేరు.

పారామీటర్‌కే రకం చెప్పొచ్చు: ఫంక్షన్(శాతం: నంబర్). అప్పుడు రకం కుదరని విలువ వస్తే ఆ పిలుపు నల్ ఇవ్వాలని ప్రమాణం చెబుతుంది. రాయండి, చదివేవాళ్లకు సాయం. అయినా గుమ్మం దగ్గరి పరీక్ష మానొద్దు. రకం చెప్పినా ఖాళీ గడి నల్‌గా లోపలికి రాగలదు, దాన్ని పట్టుకునేది ఆ పరీక్షే.

ఇక్కడ ఒక మాట వస్తుంది: నల్ వస్తే పట్టీ ఆగిపోతుంది కదా, బదులుగా సున్నా పెట్టేస్తే పని జరుగుతుంది కదా అని. ఖాళీ గడి అంటే తాలు లేదని అర్థం అన్నది ఒక వ్యాపార నియమం. అది కొట్టు యజమాని, రైతు ఒప్పుకోవాల్సిన సంగతి. ఒప్పుకుంటే ఆ నియమాన్ని డెసిషన్‌లో (డయాగ్రమ్‌లో ఒక నిర్ణయానికి ఉండే పెట్టె) పైకి కనబడేలా విడిగా ఒక ఎంట్రీగా రాయండి. ఫంక్షన్ లోపల ఎల్స్ చాటున అది నిర్ణయం కాకూడదు. సీజన్‌లో గుంటూరు యార్డుకు లక్షకు పైగా టిక్కీలు దిగే రోజులుంటాయి. ఆ రద్దీలో గడులు ఖాళీగా ఉండిపోవడం మామూలే. ఆగిన పట్టీని గుమస్తా అయిదు నిమిషాల్లో సరిచేస్తాడు. తప్పు అంకెతో వెళ్లిపోయిన పట్టీని ఎవరూ మళ్లీ తిరగేయరు.

ఇప్పుడు మొత్తం కలిపి రాద్దాం. రేట్లను కూడా పారామీటర్లుగా మార్చాను, ఎందుకో కింద చెబుతాను.

పట్టీ_లెక్క: ఫంక్షన్(టిక్కీలు, తూకం, ధర, శాతం, కమీషన్_రేటు, హమాలీ_రేటు) {
  విలువ: తూకం / 100 * ధర * (1 - కోత_లెక్క(శాతం)),
  కమీషన్: విలువ * కమీషన్_రేటు,
  హమాలీ: టిక్కీలు * హమాలీ_రేటు,
  జమ: విలువ - కమీషన్ - హమాలీ
}

కోత_లెక్క దీనికి పైన ఉండాలి, మరిచిపోవద్దు. 50 టిక్కీలు, 2150 కిలోలు, 14000 ధర, 0.02 కమీషన్, 20 హమాలీతో: శాతం 3 అయితే జమ 293980. శాతం 8 అయితే విలువ 270900, కమీషన్ 5418, జమ 264482. శాతం నల్ అయితే విలువ, కమీషన్, జమ మూడూ నల్, హమాలీ మాత్రం 1000. ఆ చివరి ఫలితాన్ని ఒకసారి నిదానంగా చూడండి. నల్ తాను తాకిన లెక్కలనే పాడుచేస్తుంది, తాకనిదాన్ని వదిలేస్తుంది. ఏవి నల్, ఏవి కాదు అని చూస్తే చాలు, తప్పు శాతం గుండా వచ్చిందని తెలిసిపోతుంది. అంచెలుగా రాయమన్నది ఇందుకే.

లాట్లు జాబితాగా ఉంటే:

సమ్(ఫర్ లాటు ఇన్ లాట్లు రిటర్న్ పట్టీ_లెక్క(టిక్కీలు: లాటు.టిక్కీలు, తూకం: లాటు.తూకం, ధర: లాటు.ధర, శాతం: లాటు.శాతం, కమీషన్_రేటు: 0.02, హమాలీ_రేటు: 20).జమ)

తేజ పైన చెప్పినదే, శాతం 3. 334 లాటుకు 30 టిక్కీలు, 1290 కిలోలు, 12000 ధర, శాతం 8. తాలు లాటుకు 10 టిక్కీలు, 430 కిలోలు, 7000 ధర. తాలు లాటుకు శాతం ఏమివ్వాలి? అంతా తాలే అని 100 ఇస్తే, తాలు ధర కట్టినదానికే మళ్లీ కోత పడుతుంది. 0 అని స్పష్టంగా ఇవ్వండి, ఖాళీ వదలొద్దు. జమలు వరసగా 293980, 135933.6, 29298. మొత్తం 459211.6. ఇంతకు భిన్నంగా వస్తే ముందు 334 శాతం చూడండి.

ఫంక్షన్‌ని విలువలాగే ఇంకో ఫంక్షన్‌కి పంపొచ్చు. ఎక్కువగా అవసరం పడేది సార్ట్‌లో: సార్ట్(లాట్లు, ఫంక్షన్(అ, ఆ) అ.ధర > ఆ.ధర) అంటే ఎక్కువ ధర లాటు ముందు. పేరు కూడా అక్కర్లేదు, అక్కడికక్కడే రాసి పంపేశాం. అంతకుమించి దీని గురించి ఇప్పుడు చెప్పుకోవాల్సింది లేదు.

ఒకే డెసిషన్‌లో వాడే ఫంక్షన్‌కి కాంటెక్స్ట్ చాలు. రెండు డెసిషన్లలో కావాలంటే దాన్ని బిజినెస్ నాలెడ్జ్ మోడల్‌గా పెట్టాలి, వాడుకలో బీకేఎమ్. డయాగ్రమ్‌లో రెండు మూలలు కత్తిరించినట్టుండే పెట్టె అది. లోపల ఎడమ మూల గడిలో ఎఫ్ ఉంటే ఫీల్ అని అర్థం. ఆ పక్కన పారామీటర్లు, కింద బాడీ. బాడీగా డెసిషన్ టేబుల్ కూడా పెట్టొచ్చు. కోత నియమాలు నాలుగైదు వరసలకు పెరిగితే ఇఫ్‌ల దొంతర కంటే టేబుల్ నయం. పెట్టె గీశాక, దాన్నుంచి పిలిచే డెసిషన్‌కి చుక్కల గీత బాణం లాగాలి. ఆ బాణం లేకపోతే డెసిషన్‌కి ఆ పేరే తెలియదు. ఫంక్షన్ సరిగ్గా ఉంది, పిలుపు సరిగ్గా ఉంది, అయినా పనిచేయడం లేదంటే మొదట చూడాల్సింది బాణం. ఒక బీకేఎమ్ ఇంకో బీకేఎమ్‌ని పిలిచినా బాణం కావాలి.

రేట్లను పారామీటర్లుగా ఎందుకు మార్చానో ఇప్పుడు తెలుస్తుంది. కాంటెక్స్ట్‌లో రాసిన ఫంక్షన్‌కి తన పైన ఉన్న ఎంట్రీలు కనిపిస్తాయి. కమీషన్_రేటు: 0.02 అని పైన రాసి, ఫంక్షన్ లోపల నేరుగా వాడితే నడుస్తుంది. అదే ఫంక్షన్‌ని రేపు బీకేఎమ్‌లోకి మారిస్తే నడవదు. బీకేఎమ్‌కి తన పారామీటర్లు, తనకు బాణం ఉన్న బీకేఎమ్‌లు తప్ప మరేమీ కనిపించవు, ఇన్‌పుట్ డేటా కూడా కనిపించదు. మొదటి రోజునుంచే ఫంక్షన్‌కి కావాల్సిందంతా బ్రాకెట్‌లోంచే పంపండి. బ్రాకెట్ చదివితే ఆ లెక్క దేనిమీద ఆధారపడిందో మొత్తం తెలియాలి.

ఒక చిన్న జాగ్రత్త. ఫంక్షన్ ఉన్న కాంటెక్స్ట్‌ని యథాతథంగా డెసిషన్ ఫలితంగా బయటికి పంపొద్దు. బయట అందుకునేది సాధారణంగా జేసన్ (ప్రోగ్రాముల మధ్య డేటా పంపుకునే రూపం), అందులో ఫంక్షన్‌కి చోటు లేదు. కాంటెక్స్ట్ మూసిన మీసాల బ్రాకెట్ తరవాత చుక్క పెట్టి కావాల్సిన ఎంట్రీ పేరు రాయండి, లేదా టూల్‌లో కాంటెక్స్ట్ పట్టిక అడుగున పేరులేని ఫలితం గడి వాడండి.

పైసలను గుండ్రం చేయడానికి డెసిమల్ వాడేవాళ్లు ఒకటి తెలుసుకోండి: అది సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. డెసిమల్(2.5, 0) అంటే 2, డెసిమల్(1.5, 0) అన్నా 2. కొట్టు లెక్కల్లో సగం వస్తే పైకి వేస్తారు. అది కావాలంటే డీఎమ్ఎన్ 1.4లో చేరిన రౌండ్ హాఫ్ అప్ వాడాలి. గుండ్రం చేయడం జమ దగ్గర ఒక్కసారే, మధ్య అంచెల్లో వద్దు.

అభ్యాసం

ఒకటే ఇస్తున్నాను, కానీ తేలిక కాదు. కోల్డ్ స్టోరేజీ అద్దె: అద్దె_లెక్క(టిక్కీలు, చేరిన, తీసిన, నెల_రేటు). రేటు టిక్కీకి నెలకు 10 రూపాయలనుకోండి. నెల మీద ఒక్క రోజు దాటినా పూర్తి నెల అద్దె. కనీసం ఒక నెల అద్దె తప్పదు.

ఇయర్స్ అండ్ మంత్స్ డ్యూరేషన్(చేరిన, తీసిన) అనే ఫంక్షన్ భాషలోనే ఉంది. అది నిండిన నెలలనే లెక్కిస్తుంది, మిగిలిన రోజులను వదిలేస్తుంది. దాన్ని నిడివి అనే ఎంట్రీలో పెట్టుకోండి. నిడివి.ఇయర్స్‌ని 12తో గుణించి నిడివి.మంత్స్ కలిపితే నిండిన నెలలు. రోజులు మిగిలాయో లేదో తెలియాలంటే చేరిన తేదీకి నిడివిని కలిపి చూడండి. వచ్చిన తేదీ తీసిన తేదీకంటే ముందుంటే రోజులు మిగిలినట్టే. గుమ్మం దగ్గర ఇన్‌స్టాన్స్ ఆఫ్ డేట్, ఇన్‌స్టాన్స్ ఆఫ్ నంబర్ రెండూ అవసరం.

120 టిక్కీలతో ఈ ఫలితాలన్నీ వస్తేనే పూర్తయినట్టు:

డేట్("2025-02-10") నుంచి డేట్("2025-05-10") వరకు: 3 నెలలు, 3600.
డేట్("2025-02-10") నుంచి డేట్("2025-05-11") వరకు: 4 నెలలు, 4800.
డేట్("2025-01-31") నుంచి డేట్("2025-03-01") వరకు: 2 నెలలు, 2400.
చేరిన రోజే తీస్తే: 1 నెల, 1200.
తీసిన తేదీ చేరిన తేదీకంటే ముందుంటే: నల్.
తీసిన తేదీ ఖాళీ అయితే: నల్.
తీసిన తేదీ డేట్ లేకుండా వట్టి "2025-05-10" అని అక్షరాలుగా వస్తే: నల్.
టిక్కీలు "120" అని అక్షరాలుగా వస్తే: నల్.

మొదటి నాలుగు పిలుపులూ పేర్లతోనే ఉండాలి. ఆ తరవాత అదే ఫంక్షన్‌ని ఒక్క అక్షరం మార్చకుండా బీకేఎమ్‌లోకి కాపీ చేసి, రెండు వేరే డెసిషన్ల నుంచి పిలవండి. మార్చాల్సి వచ్చిందంటే బాడీలో ఎక్కడో బ్రాకెట్‌లోంచి రాని పేరు ఉంది. అది ఏదో కనిపెట్టి, దాన్ని పారామీటర్‌గా చేసి, ఎనిమిది పరీక్షలూ మళ్లీ మొదటినుంచి నడపండి.